పురీషనాళ శస్త్రచికిత్సకు ముందు పేగు శుద్ధి

పురీషనాళం మీద కోత పెట్టే ముందు పేగులోని మలాన్నీ, అందులోని సూక్ష్మజీవులనూ వీలైనంత తగ్గించే ప్రక్రియ పేగు శుద్ధి. వైద్యులు దీన్ని బవెల్ ప్రిపరేషన్ అంటారు, వార్డులో 'ప్రిప్' అనే పొట్టి మాట నడుస్తుంది. రోగులూ, వెంట ఉండే ఇంటివాళ్ళూ 'కడుపు క్లీన్ చేయడం' అంటారు. ఇందులో మూడు దారులున్నాయి. నోటితో ద్రావణం తాగించి పేగు మొత్తాన్ని కడగడం ఒకటి. మలద్వారం గుండా ఎనిమా ఇచ్చి కింది భాగాన్ని మాత్రమే ఖాళీ చేయడం రెండోది. పేగులోంచి రక్తంలోకి అంతగా ఇంకని యాంటీబయాటిక్‌లను మింగించి సూక్ష్మజీవుల సంఖ్యను తగ్గించడం మూడోది. వీటిలో ఏది వాడాలి, ఏవేవి కలపాలి, అసలేమీ వాడకుండా ఉండొచ్చా అన్న చర్చ యాభై ఏళ్ళకు పైగా సాగుతోంది. ఈ చర్చ ఎక్కువగా పెద్దపేగు మొత్తాన్ని ఒకే గాటన కట్టి నడవడంవల్ల పురీషనాళ రోగులకు అన్యాయం జరిగింది. పైభాగానికి సరిపోయిన జవాబు కింది భాగానికి సరిపోలేదు.

పురీషనాళం ఎందుకు వేరు

పెద్దపేగు పొడవు సుమారు ఒకటిన్నర మీటరు. దాని చివరి 12 నుంచి 15 సెంటీమీటర్లే పురీషనాళం. కటి ఎముకల ఇరుకులో, మూత్రాశయానికి వెనక, త్రికాస్థికి ముందు ఒదిగి ఉంటుంది. మగవాళ్ళలో కటి మరింత ఇరుకు. కోత పెట్టాలన్నా, కుట్టు వేయాలన్నా అక్కడ చెయ్యి తిరగదు. పేగు పైభాగాన్ని కప్పి ఉంచే సీరోసా అనే నునుపైన పొర పురీషనాళం కింది భాగానికి లేదు. కుట్టు పడ్డాక గాయాన్ని త్వరగా మూసివేయడంలో ఆ పొర చేసే మేలు ఇక్కడ దొరకదు.

కేన్సర్ గడ్డతో పాటు పురీషనాళంలో కొంత భాగాన్ని తీసేశాక పై పేగును కింద మిగిలిన ముక్కకు కలుపుతారు. ఈ కలిపిన చోటును అతుకు అందాం. అతుకు విడి మలం కటిలోకి కారడమే సర్జన్లను అన్నిటికంటే భయపెట్టే సంగతి. పెద్దపేగు పైభాగంలో వేసిన అతుకులు నూటికి మూడు నాలుగు చొప్పున లీకవుతాయి. పురీషనాళం కిందికి వెళ్ళేకొద్దీ ఈ సంఖ్య పెరుగుతుంది, పదికి ఒకటి వరకూ వెళ్ళడం అరుదేమీ కాదు. లీకైతే జ్వరం, చీము, మళ్ళీ ఆపరేషన్, ఒక్కోసారి మలం పట్టడానికి పొట్ట మీద శాశ్వతంగా సంచి. కొందరికి ప్రాణాపాయం. కేన్సర్‌కు ఆ తర్వాత ఇవ్వాల్సిన కీమోథెరపీ కూడా వెనకబడుతుంది.

ఒక గ్రాము మలంలో పదివేల కోట్ల వరకూ సూక్ష్మజీవులుంటాయి. వాటిలో అత్యధికం గాలి లేకుండా బతికేవి. బాక్టీరాయిడ్స్ కుటుంబం వాటిలో ముఖ్యమైనది, ఇ.కోలి వంటివి వాటితో పోలిస్తే తక్కువ. పేగును తెరిచినప్పుడు వీటిలో కొన్నయినా కడుపులోకో, చర్మపు గాయంలోకో చేరతాయి. పేగు శుద్ధి వెనకున్న మొదటి ఆలోచన ఇంత సూటిగా ఉంది: మలం లేకపోతే కలుషితమయ్యేదేమిటి?

పురీషనాళానికి మాత్రమే వర్తించే కారణాలు ఇంకో రెండున్నాయి. అతుకు వేయడానికి ఇప్పుడు గుండ్రని స్టేప్లర్ వాడుతున్నారు. దాన్ని మలద్వారం గుండా పైకి పంపుతారు. దారిలో మలం ఉంటే అది నేరుగా అతుకు మీదికి నెట్టుకుపోతుంది. రెండోది, కింది అతుకును కాపాడటానికి చాలామందికి చిన్నపేగు కొనను తాత్కాలికంగా పొట్ట మీదికి తెస్తారు, దీన్ని ఇలియోస్టమీ అంటారు. మలం ఆ దారిన బయటికి పోతుంది కాబట్టి అతుకుకు విశ్రాంతి దొరుకుతుందని లెక్క. కానీ పెద్దపేగును ముందే ఖాళీ చేయకపోతే ఇలియోస్టమీకీ అతుకుకూ మధ్య ఒక మీటరు పైగా మలం అలాగే నిలబడి ఉంటుంది. అతుకు విడితే కారేది ఆ మలమే. పై తలుపు మూసి లోపల నీళ్ళు నిలవ ఉంచినట్టవుతుంది. ఈ ఒక్క కారణం చాలు, పురీషనాళ సర్జన్లు శుద్ధిని వదులుకోవడానికి ఎందుకు వెనకాడారో అర్థం కావడానికి.

ఆముదం నుంచి ద్రావణం దాకా

కడుపు కడిగే అలవాటు శస్త్రచికిత్స కంటే చాలా పాతది. ఆయుర్వేదంలోని పంచకర్మలలో విరేచనం, వస్తి రెండూ ఉన్నాయి. మన ఇళ్ళల్లో నెలకోసారి పిల్లలకు ఆముదం పట్టించిన తరం ఇంకా బతికే ఉంది. ఆ ఆముదమే ఇరవయ్యో శతాబ్దపు సర్జన్లకూ ముఖ్య సాధనం. మూడు నుంచి ఐదు రోజులపాటు రోగికి పీచులేని పలచటి తిండి పెట్టి, ఆముదమో మెగ్నీషియం సల్ఫేటో తాగించి, రోజూ ఎనిమాలు ఇచ్చేవాళ్ళు. ఆపరేషన్ బల్ల ఎక్కేసరికే రోగి నీరసించి ఉండేవాడు.

అప్పటికి పురీషనాళ కేన్సర్‌కు అతుకు వేయడం అరుదు. 1908లో లండన్‌లో ఎర్నెస్ట్ మైల్స్ వర్ణించిన ఆపరేషన్లో మలద్వారంతో సహా అంతా తీసేసి, పెద్దపేగు కొనను శాశ్వతంగా పొట్ట మీదికి తెచ్చి కోలోస్టమీ పెట్టేవారు. అతుకే లేనప్పుడు లీకు భయం ఉండదు. కింది భాగంలోనూ అతుకు వేయొచ్చన్న ధైర్యం పెరిగాక, 1980ల నుంచి స్టేప్లర్లు చేతికొచ్చాక, 1982లో ఇంగ్లండ్‌లో బిల్ హీల్డ్ పురీషనాళాన్ని దాని చుట్టూ ఉన్న కొవ్వు పొరతో సహా పూర్తిగా తీసే పద్ధతిని ప్రతిపాదించాక, మలద్వారాన్ని కాపాడే ఆపరేషన్లు మామూలయ్యాయి. శుద్ధి అవసరం కూడా అక్కడే పెరిగింది.

1973లో హ్యూవిట్, ఆయన సహచరులు ముక్కు గుండా కడుపులోకి గొట్టం వేసి, ఉప్పునీటిని లీటర్ల కొద్దీ ఎక్కించి, కింద తేట నీళ్ళు వచ్చేదాకా కడిగే పద్ధతిని వైద్య పత్రిక లాన్సెట్‌లో వివరించారు. పేగు అద్దంలా శుభ్రపడేది. శరీరం మాత్రం ఆ ఉప్పునూ నీటినీ పీల్చుకునేది, గుండె బలహీనంగా ఉన్నవాళ్ళు తట్టుకోలేకపోయారు. తర్వాత మానిటాల్ అనే చక్కెర ద్రావణం వచ్చింది. తియ్యగా ఉంటుంది, తాగడం తేలిక. కానీ పేగులోని సూక్ష్మజీవులు దాన్ని పులియబెట్టి హైడ్రోజన్ తయారుచేస్తాయి. 1979లో ఫ్రాన్స్‌లో మానిటాల్ తాగిన రోగికి కొలనోస్కోపీలో విద్యుత్తుతో పిలకను (పాలిప్) కోస్తుండగా పేగులోని వాయువు పేలి ప్రాణం పోయింది. ఆ కథ విన్నాక పేగు శుద్ధికి మానిటాల్ మీద నమ్మకం పోయింది.

దీనికి పరిష్కారం 1980లో అమెరికాలో దొరికింది. డేవిస్, ఫోర్డ్‌ట్రాన్ బృందం పాలీఇథిలీన్ గ్లైకాల్ అనే పొడవాటి అణువును, సోడియం సల్ఫేటును, ఇతర లవణాలను తగిన పాళ్ళలో కలిపి ఒక ద్రావణం చేసింది. పేగు దాన్ని పీల్చుకోదు, సూక్ష్మజీవులు పులియబెట్టలేవు. తాగిన నీరు తాగినట్టే కిందికి దిగిపోతుంది, శరీరంలోకి నీరు చేరదు, శరీరంలోంచి నీరు పోదు. నాలుగు లీటర్లు తాగాలి, అదే దాని కష్టం. ఇప్పుడు మన మందుల షాపుల్లో రెండు లీటర్ల నీళ్ళలో కలిపే పొడి ప్యాకెట్లుగా దొరుకుతున్నది ఈ కుటుంబానికి చెందినదే. రోగులు దీన్ని 'పెగ్ పౌడర్' అంటారు.

వాడుకలో ఉన్న మందులు

పెగ్ తర్వాత ఎక్కువగా వాడేది సోడియం పికోసల్ఫేట్, మెగ్నీషియం సిట్రేట్ కలిపిన పొడి. పికోసల్ఫేటును పెద్దపేగులోని సూక్ష్మజీవులే విడగొట్టి చురుకైన మందుగా మారుస్తాయి, అది పేగు కండరాన్ని కదిలిస్తుంది. మెగ్నీషియం నీటిని పేగులోకి లాగుతుంది. తాగే మందు ఒక గ్లాసెడే, రుచి కూడా ఫరవాలేదు. అయితే వెంట నీళ్ళు విడిగా బాగా తాగాలి. ఆ సంగతి సరిగ్గా చెప్పకపోతే ముసలివాళ్ళలో రక్తంలో సోడియం పడిపోయి మాట తడబడటం, మూర్ఛ కూడా రావచ్చు. మూత్రపిండాలు దెబ్బతిన్నవాళ్ళలో మెగ్నీషియం పేరుకుంటుంది.

సోడియం ఫాస్ఫేట్ ద్రావణం ఒకప్పుడు అందరికీ నచ్చింది. 45 మిల్లీలీటర్ల సీసా రెండుసార్లు తాగితే పని అయిపోయేది. అయితే కొందరిలో ఫాస్ఫేటు స్ఫటికాలు మూత్రపిండాల్లో చేరి వాటిని శాశ్వతంగా పాడుచేశాయని తేలింది. 2008లో అమెరికా మందుల నియంత్రణ సంస్థ గట్టి హెచ్చరిక జారీ చేసింది, అక్కడ ప్రధాన తయారీదారు ఆ సీసాలను మార్కెట్ నుంచి వెనక్కి తీసుకున్నాడు. మధుమేహం, రక్తపోటు మందులు ఏళ్ళ తరబడి వాడుతూ, మూత్రపిండాల స్థితి తెలియకుండానే ఆస్పత్రికి వచ్చేవాళ్ళు మన దగ్గర ఎందరో ఉన్నారు. తాగే ఫాస్ఫేటును వాళ్ళ దరికి రానీయకూడదు.

బిసాకోడిల్ మాత్రలు, సెన్నా వంటివి ఒంటరిగా పురీషనాళ ఆపరేషన్‌కు చాలవు. పెగ్‌కు ముందు ఇస్తే తాగాల్సిన ద్రావణం తగ్గుతుంది, అంతవరకే వాటి ఉపయోగం.

ఎనిమా సంగతి వేరు. సబ్బునీటి ఎనిమాల కాలం పోయింది, సబ్బు పేగు లోపలి పొరను మంటెత్తిస్తుంది. ఇప్పుడు ఫాస్ఫేటు ఎనిమా ప్లాస్టిక్ సీసాలో సిద్ధంగా వస్తుంది. అది పురీషనాళాన్నీ, దాని పైనున్న సిగ్మాయిడ్ వంపులో కొంత భాగాన్నీ ఖాళీ చేస్తుంది. మొలలు, ఫిషర్, ఫిస్టులా వంటి మలద్వార ఆపరేషన్లకు సాధారణంగా ఇదే చాలు. వాటి కోసం రోగిచేత లీటర్ల కొద్దీ ద్రావణం తాగించడం అనవసరమైన శిక్ష. మలద్వారం గుండా పరికరం పెట్టి చిన్న గడ్డను స్థానికంగా కోసి తీసేటప్పుడు కొందరు ఎనిమాతో సరిపెడతారు, పేగు గోడ పూర్తి మందం కోయాల్సి వస్తే పూర్తి శుద్ధి కోరేవాళ్ళే ఎక్కువ.

'కడగనక్కర్లేదు' అన్న గొంతు

1970లలోనే ఆస్ట్రేలియాలో హ్యూస్ అనే సర్జన్ పేగు కడగడం వల్ల నిజంగా మేలుందా అని అడిగాడు. 1987లో ఇర్వింగ్, స్క్రిమ్‌జోర్ అనే ఇద్దరు సర్జన్లు పేగు కడగకుండానే ఆపరేషన్ చేసిన 72 మంది వివరాలు ప్రచురించారు. ఒక్క అతుకూ లీకవలేదు. ఆ రోజుల్లో ఇది ఆచారాన్ని ధిక్కరించడమే.

అనుమానానికి ఆధారాలు లేకపోలేదు. సరిగ్గా కడగని పేగులో మలం గట్టిగా ఉండదు, నీళ్ళలా ఉంటుంది. గట్టి మలాన్ని క్లాంపు పెట్టి ఒక పక్కకు నెట్టొచ్చు, నీళ్ళ మలం కోత పెట్టగానే కారిపోతుంది. పెగ్ వాడాక పేగు లోపలి పొరలో చిన్న మార్పులు, వాపు కణాలు కనిపించాయని కూడా సూక్ష్మదర్శిని పరీక్షలు చూపాయి. దీనికితోడు రోగికి వాంతులు, రాత్రంతా నిద్ర లేకపోవడం, నీరు తగ్గిపోవడం ఉండనే ఉన్నాయి.

2007లో రెండు పెద్ద ప్రయోగాల ఫలితాలు వచ్చాయి. నెదర్లాండ్స్‌లో 13 ఆస్పత్రులు కలిసి 1,431 మందిని చీటీలు వేసినట్టు రెండుగా విభజించాయి. పేగు కడిగినవాళ్ళలో అతుకు లీకేజీ 4.8 శాతం, కడగనివాళ్ళలో 5.4 శాతం. స్వీడన్ ప్రయోగమూ తేడా లేదనే చెప్పింది. 2011లో వైద్య ప్రయోగాలను సమీక్షించే కాక్రేన్ సంస్థ 18 ప్రయోగాలను, 5,805 మంది రోగులను కలిపి లెక్కవేసింది. లీకేజీ కడిగినవాళ్ళలో 4.4 శాతం, కడగనివాళ్ళలో 4.5 శాతం. ఇంత దగ్గరగా వచ్చిన అంకెలు చూసి ఐరోపాలో చాలా ఆస్పత్రులు కడగడం మానేశాయి. ఆపరేషన్ తర్వాత రోగిని త్వరగా కోలుకునేలా చేసే పద్ధతులు అప్పుడే వ్యాపిస్తున్నాయి. ఖాళీ కడుపుతో, నీరసంతో రోగి బల్ల ఎక్కకూడదనే వాళ్ళ వాదనకు ఈ అంకెలు అండగా నిలిచాయి.

ఈ ప్రయోగాల్లో ఎక్కువమంది పెద్దపేగు పైభాగపు రోగులన్న సంగతి ఆ ఉత్సాహంలో మరుగున పడింది. కాక్రేన్ లెక్కల్లో కింది పురీషనాళ అతుకులను విడిగా చూస్తే కడిగినవాళ్ళలో 8.8 శాతం, కడగనివాళ్ళలో 10.3 శాతం లీకయ్యాయి. ఈ తేడా గణాంకపరంగా నిలబడలేదు. కానీ ఆ విడి జాబితాలో రెండు పక్కలా కలిపి ఉన్నది 850 మంది కూడా కాదు. ఉన్న తేడాను పట్టుకోవడానికి ఆ సంఖ్య చాలదు.

ఫ్రాన్స్ ప్రయోగం

పురీషనాళానికి మాత్రమే పరిమితమైన ప్రయోగం ఫ్రాన్స్‌లో జరిగింది. 2010లో ప్రచురించిన గ్రెక్కార్ 3 అధ్యయనంలో మలద్వారాన్ని కాపాడుతూ కేన్సర్ తీసిన 178 మందిని రెండు సమాన భాగాలు చేశారు. ఒక సగానికి పేగు కడిగారు, ఇంకో సగానికి కడగలేదు. నెలరోజుల్లో ఏదో ఒక ఇబ్బంది తలెత్తింది కడిగినవాళ్ళలో 27 శాతం మందికి, కడగనివాళ్ళలో 44 శాతం మందికి. ఇన్ఫెక్షన్లు 16 శాతం, 34 శాతం. అతుకు లీకేజీ 10 శాతం, 19 శాతం. ఇబ్బందుల మొత్తంలోనూ ఇన్ఫెక్షన్లలోనూ తేడా స్పష్టంగా రుజువైంది. లీకేజీ తేడా కంటికి పెద్దదిగా కనిపించినా రోగుల సంఖ్య తక్కువ కావడంతో గణాంకపరీక్షలో నిలవలేదు.

178 మంది చిన్న సంఖ్యే. అయినా పురీషనాళ సర్జన్ల అనుమానం గాలిలోంచి పుట్టింది కాదని ఈ ప్రయోగం చూపింది. 2018లో త్వరిత కోలుకోలు పద్ధతులను రూపొందించే ఈరాస్ సంఘం తన మార్గదర్శకాల్లో పెద్దపేగు ఆపరేషన్లకు ఒంటరిగా పేగు కడగడం మామూలుగా వద్దంటూనే, పురీషనాళానికి వాడుకోవచ్చని వెసులుబాటు ఇచ్చింది.

ఎనిమా ఒక్కటే సరిపోతుందా అన్న ప్రశ్నకు సమాధానం అంత తేలిక కాదు. కాక్రేన్ లెక్కలో కింది పురీషనాళపు అతుకుల్లో పూర్తి శుద్ధికి 7.4 శాతం, ఎనిమాకు 7.9 శాతం లీకేజీ వచ్చింది. ఒక్కో పక్క వంద మంది అటూ ఇటూ ఉన్న జాబితా అది. ఆస్ట్రేలియాలోని పెర్త్‌లో 2006లో సుమారు 300 మంది మీద జరిగిన ప్రయోగంలో మాత్రం ఎనిమా ఒక్కటే ఇచ్చినవాళ్ళలో అతుకు లీకై మళ్ళీ ఆపరేషన్ చేయాల్సి రావడం ఎక్కువగా కనిపించింది. ఇలియోస్టమీ పెట్టబోయే రోగికి ఎనిమా సరిపోదన్నది ఈ వ్యాసకర్త అభిప్రాయం. ఎనిమా నీళ్ళు పైపేగుకు చేరవు, లోపల నిలిచే మలం అక్కడే ఉంది.

మింగించే యాంటీబయాటిక్‌లు

ఈ చర్చలో అందరూ మరిచిపోయి, మళ్ళీ గుర్తు తెచ్చుకున్న పాత్ర ఒకటుంది. 1940లలోనే అమెరికన్ సర్జన్ ఎడ్గర్ పోత్ పేగులోంచి రక్తంలోకి ఇంకని సల్ఫా మందులతో పేగు సూక్ష్మజీవులను తగ్గించాడు. 1955లో న్యూ ఆర్లియన్స్‌లో ఇసిడోర్ కోన్, రైవ్స్ కుక్కల మీద ఒక ప్రయోగం చేశారు. అతుకు వేసిన చోట రక్తనాళాలను కావాలనే తెంచారు. పేగులోకి నేరుగా యాంటీబయాటిక్ పంపిన కుక్కల్లో ఆ అతుకులు నిలిచాయి, పంపనివాటిలో విడిపోయాయి. అతుకు నిలవడానికి రక్తప్రసరణ ఒక్కటే కారణం కాదని, లోపలి సూక్ష్మజీవులకూ అందులో భాగముందని ఆ ప్రయోగం చెప్పింది. అరవై ఏళ్ళ తర్వాత, 2015లో, షికాగో విశ్వవిద్యాలయంలో జాన్ ఆల్వర్డీ బృందం ఎలుకలలో దీని లోగుట్టు చూపింది. ఎంటిరోకాకస్ ఫీకాలిస్ అనే సూక్ష్మజీవి కొలాజెన్‌ను కరిగించే ఎంజైమును విడుదల చేసి అతుకును తినేస్తుంది. కుట్టు పట్టి ఉంచేది ఆ కొలాజెన్‌నే.

1973లో రొనాల్డ్ నికోల్స్, రాబర్ట్ కాండన్ నియోమైసిన్, ఎరిత్రోమైసిన్ కలిపి ఇచ్చే పద్ధతిని తెచ్చారు. ఆపరేషన్ ముందు రోజు మధ్యాహ్నం ఒంటిగంటకు, రెండింటికి, రాత్రి పదకొండింటికి ఒక్కో గ్రాము చొప్పున రెండు మందులూ మింగించాలి. మొదటిది గాలి ఉన్నచోట పెరిగే సూక్ష్మజీవులను, రెండోది గాలి లేకుండా బతికేవాటిని తగ్గిస్తుంది. 1977లో అమెరికా మాజీ సైనికుల ఆస్పత్రుల్లో జరిగిన ప్రయోగంలో అందరికీ పేగు కడిగారు. కొందరికి ఈ మందులు, మిగతావాళ్ళకు ఉత్తి మాత్రలు ఇచ్చారు. ఇన్ఫెక్షన్ సంబంధ ఇబ్బందులు 43 శాతం నుంచి 9 శాతానికి పడిపోయాయి.

ఇంత పెద్ద తేడా చూపిన పద్ధతి ఐరోపాలో దాదాపు కనుమరుగైంది. రక్తనాళంలోకి నేరుగా ఎక్కించే యాంటీబయాటిక్‌లు మెరుగయ్యాక మింగించేవి అదనమని భావించారు. పేగు కడగడం మానేశాక మందును కడగని పేగులో పోయడం దేనికన్న ఆలోచనా తోడైంది. పరిశీలిస్తే, 2007 నాటి పెద్ద ప్రయోగాలు పోల్చింది మింగించే యాంటీబయాటిక్ లేని కడుగుడును. సున్నం వేయకుండా గోడను ఊడ్చి వదిలేసి, ఊడ్వడం వల్ల గోడకు మెరుపు రాలేదని చెప్పినట్టయింది. కడగడం వల్ల వచ్చే మేలంతా ఆ తర్వాత వేసే మందు పేగు గోడను తాకడంలోనే ఉండొచ్చు.

2016లో ప్రపంచ ఆరోగ్య సంస్థ శస్త్రచికిత్స గాయాల ఇన్ఫెక్షన్లపై ఇచ్చిన మార్గదర్శకాలు, 2019లో అమెరికా పెద్దపేగు సర్జన్ల సంఘం ఇచ్చినవి ఈ గీతను స్పష్టంగా గీశాయి. కడగడం ఒక్కటే వద్దు, కడగడంతో పాటు మింగించే యాంటీబయాటిక్‌లు కావాలి.

ఐరోపా ప్రయోగాలు అంత నిక్కచ్చిగా తేల్చలేదు. ఫిన్‌లాండ్‌లో 2019లో వెలువడిన మొబైల్ అనే ప్రయోగం పెద్దపేగు పైభాగపు రోగుల్లో కడుగుడు, మందు రెండూ ఇచ్చినవాళ్ళనూ, ఏమీ ఇవ్వనివాళ్ళనూ పోల్చి గాయపు ఇన్ఫెక్షన్లు 7, 11 శాతమని, ఆ తేడా రుజువు కాలేదని చెప్పింది. మరుసటి ఏడు స్పెయిన్‌లో పైభాగపు రోగులకు కడగకుండానే ఆపరేషన్ ముందు రోజు యాంటీబయాటిక్‌లు మింగించి చూశారు. ఇన్ఫెక్షన్లు 11 శాతం నుంచి 5 శాతానికి తగ్గాయి.

పురీషనాళానికి ఇప్పటిదాకా అన్నిటికంటే బరువైన ఆధారం 2024లో మళ్ళీ ఫిన్‌లాండ్ నుంచే వచ్చింది. మొబైల్ 2 ప్రయోగంలో పురీషనాళంలో అతుకు వేసిన 565 మంది ఫలితాలను లెక్కించారు. అందరికీ పేగు కడిగారు. సగం మందికి నియోమైసిన్, మెట్రోనిడజోల్ మింగించారు, మిగిలిన సగానికి ఉత్తి మాత్రలు ఇచ్చారు. గాయపు ఇన్ఫెక్షన్లు మందు తీసుకున్నవాళ్ళలో సుమారు 17 శాతం, తీసుకోనివాళ్ళలో 28 శాతం. అతుకు విడిపోవడం 5.8 శాతం, 13.5 శాతం. ఈ రెండో జత అంకెలను మరోసారి చదవాలి. ప్రతి వందమంది రోగుల్లో ఏడెనిమిది మంది అతుకు విడిపోయే దురవస్థను రెండు చవకైన పాత మందులు తప్పించాయి. రోబోలకూ, ఖరీదైన స్టేప్లర్లకూ కోట్లు పోసే ఆస్పత్రి ఈ మాత్రలను మరిచిపోతే అది క్షమించదగ్గ మరపు కాదు.

ఈ ప్రయోగంలో కడగని రోగులు లేరు. అందుకని కడగకుండా మందు ఒక్కటే ఇస్తే ఏమవుతుందో దీన్నుంచి తేల్చలేం. యాంటీబయాటిక్‌ల విచ్చలవిడి వాడకంతో మందులకు లొంగని సూక్ష్మజీవులు ఇప్పటికే పెరిగిన మన దేశంలో ఒకే రోజుకు పరిమితమైన ఈ వాడకాన్ని ఐదు రోజుల కోర్సుగా సాగదీయకుండా చూడటం కూడా ముఖ్యం. పైగా ఇది రక్తనాళంలోకి ఇచ్చే యాంటీబయాటిక్‌కు ప్రత్యామ్నాయం కాదు, అది కోతకు ముందు గంటలోపు ఎలాగూ పడాల్సిందే.

కడగకూడని పేగు

గడ్డ పేగును దాదాపు మూసేసి, కడుపు ఉబ్బి, వాంతులవుతున్న రోగికి నోటితో ఏ ద్రావణం తాగించినా ప్రమాదమే. కిందికి దారి లేని నీరు పేగును సాగదీస్తుంది, పేగు చిట్లవచ్చు. అలాంటివాళ్ళకు ముందు పై పేగును పొట్ట మీదికి తెచ్చి దారి చూపిస్తారు, అసలు ఆపరేషన్ తర్వాత చేస్తారు. లేదా పేగు కోశాక బల్ల మీదే పైభాగంలోంచి గొట్టం పెట్టి సెలైన్‌తో కడుగుతారు. ఈ పద్ధతికి లండన్‌లో హ్యూ డడ్లీ 1980ల మొదట్లో ప్రాచుర్యం తెచ్చారు.

పుట్టుకతో పేగు చివర నరాల కణాలు లేని హిర్ష్‌స్ప్రంగ్ వ్యాధి పిల్లలకు శుద్ధి అంటే నోటి ద్రావణం కాదు. మెత్తటి గొట్టం వేసి, కిలో బరువుకు 10 నుంచి 20 మిల్లీలీటర్ల చొప్పున గోరువెచ్చని సెలైన్ పోస్తూ, అది తిరిగి బయటికి వచ్చేలా చూస్తూ రోజుల తరబడి కడుగుతారు. తల్లికి నేర్పించి ఇంటి దగ్గరే చేయించడం మామూలు. ఇక్కడ మామూలు నీళ్ళు వాడకూడదు. సాగిన పేగు నీటిని పీల్చుకుంటుంది, రక్తంలో సోడియం పడిపోయి పసివాడికి ఫిట్స్ వస్తాయి.

బల్ల మీద చివరి కడుగుడు

శుద్ధి ఎంత బాగా జరిగినా పురీషనాళ కేన్సర్‌లో స్టేప్లర్ పంపే ముందు సర్జన్ గడ్డ కింద క్లాంపు పెట్టి, మిగిలిన ముక్కను మలద్వారం గుండా సెలైన్‌తోనో, పోవిడోన్ అయోడిన్‌తోనో కడుగుతాడు. ఇది మలం కోసం కాదు. గడ్డ నుంచి రాలిన కేన్సర్ కణాలు అతుకులో ఇరుక్కుని మళ్ళీ మొలకెత్తకుండా చూడటం దీని ఉద్దేశం. స్వీడన్ పురీషనాళ కేన్సర్ రిజిస్ట్రీలో 4,677 మందిని పరిశీలిస్తే, ఇలా కడిగినవాళ్ళలో కేన్సర్ అక్కడే తిరగబెట్టడం 6 శాతం, కడగనివాళ్ళలో 10.2 శాతం. రిజిస్ట్రీ లెక్కల్లో ఇతర తేడాలు కలిసి ఉండొచ్చు. అయినా ఐదు నిమిషాల పని అది.

ముందు రోజు

కాగితం మీద పద్ధతి ఏదైనా, అది పనిచేసేదీ చెడేదీ ఆపరేషన్ ముందు రోజే. వారం ముందే ఐరన్ మాత్రలు ఆపాలి, అవి మలాన్ని నల్లగా జిగురుగా చేస్తాయి. రెండు మూడు రోజులు ఆకుకూరలు, జామ, గింజలున్న కూరలు, పొట్టు పప్పులు మాని తెల్లన్నం, పెరుగు, ఇడ్లీ వంటివి తినాలి. ముందు రోజు వడకట్టిన గంజి తేట, కొబ్బరినీళ్ళు, పల్చటి నిమ్మరసం చాలు. ఎర్ర రంగు పానీయాలు వద్దు, వాటి రంగు రక్తంలా కనిపించి తికమక పెడుతుంది.

ద్రావణాన్ని చల్లబరిస్తే వెగటు తగ్గుతుంది. పావుగంటకో గ్లాసు చొప్పున తాగాలి. ఒక్కసారిగా దించుకుంటే వాంతి అవుతుంది, తాగినదంతా వృథా. వాంతి అయితే అరగంట ఆగి మళ్ళీ మొదలుపెట్టమంటారు. షుగరు మాత్రలు, ఇన్సులిన్, బీపీకి వాడే నీటి మాత్రలు ఆ రోజు ఎంత తీసుకోవాలో, ఏది ఆపాలో డాక్టరు కాగితం మీద రాసివ్వాలి. నోటి మాటగా చెప్పి వదిలేస్తే ఖాళీ కడుపున షుగరు పడిపోయిన రోగి బాత్రూం దగ్గర కూలిపోతాడు. సోడియం, పొటాషియం, క్రియాటినిన్ పరీక్షలు ముందే చూసి ఉండాలి.

పది పన్నెండు సార్లు బాత్రూంకు వెళ్ళాల్సి వస్తుంది. కేన్సర్‌తో, రేడియేషన్‌తో అప్పటికే ఒరిసిన చర్మం మండుతుంది. పక్కన కొబ్బరినూనో, వాజలీనో ఉంచితే చాలా మేలు. మోకాళ్ళ నొప్పులున్న పెద్దవాళ్ళకు నేల మీది లెట్రిన్ కంటే కమోడ్ కుర్చీ అందుబాటులో ఉంచాలి. రాత్రిపూట ఒకరు తోడుండాలి, లేచినప్పుడు కళ్ళు తిరుగుతాయి. జనరల్ వార్డులో ముప్ఫై మందికి రెండు లెట్రిన్లు ఉన్నచోట ఇది చిన్న విషయం కాదు. శుద్ధి సరిగ్గా కాకపోవడానికి ద్రావణం కంటే ఆ వరుసే కారణమైన సందర్భాలుంటాయి.

చివరిగా నర్సు అడిగే ప్రశ్న ఒకటే. ఇప్పుడు వస్తున్నది ఏ రంగులో ఉంది? మూత్రంలా లేత పసుపు రంగు తేట నీళ్ళయితే కేసు షీటులో రాసుకుని వెళ్తుంది. ఇంకా మడ్డిగా, ముక్కలతో ఉంటే ఆ రాత్రే డ్యూటీ డాక్టరుకు ఫోన్ చేస్తుంది. మరో గ్లాసు తాగించాలా, ఉదయం ఎనిమా ఇవ్వాలా, ఆపరేషన్ను ఒక రోజు వెనక్కి జరపాలా అన్నది అప్పుడే తేల్చాలి, ఉదయం థియేటర్లో కాదు.